జింక కోసం పోయిన సిపాయి

యుద్ధంలో గాయపడి సైన్యం నుంచి ఇంటికొచ్చినవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు. ముప్పయ్యేళ్ళు పనిచేసి పింఛనుతో వచ్చినవాళ్ళున్నారు. నేను జింక వల్ల వచ్చాను. పోనీ ఆ జింకైనా దొరికిందా అంటే, అదీ లేదు.

1979 నాటి సంగతి. నాకప్పుడు ఇరవై ఒకటి. కాన్సాస్‌లో సైన్యం లారీ నడుపుతున్నాను. మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున పుట్టినవాడికి నవంబరు పదిహేను అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ రోజు జింకల వేట మొదలవుతుంది. బడికి సెలవు, గనికి సెలవు. పెళ్ళిళ్ళు పెట్టుకోరు. చావులు కూడా వీలైనంతవరకు వాయిదా వేసుకుంటారు. సెలవు కావాలని మా సార్జెంటుని అడిగాను. ఆయన ఎడారి ప్రాంతపు మనిషి. క్యాలెండరు చూసి, "పదిహేను గురువారం. గురువారం విన్యాసాలున్నాయి. కుదరదు," అన్నాడు. మనిషి మంచివాడే. నవంబరు పదిహేనుని పట్టుకుని ఉత్త గురువారం అన్నవాడి మాట వినడం నాకే చేతకాలేదు.

పదమూడో తారీఖు సాయంత్రం బస్సెక్కాను. మూడు రోజుల్లో తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. మూడు రోజులూ జింక కనపడలేదు. నాలుగో రోజు చూద్దామనుకున్నాను. అలా చూస్తూ చూస్తూ ఉండగానే సీజనంతా అయిపోయింది. ఆ తర్వాత వెళ్ళడానికి మొహం చెల్లలేదు. సెలవు పొడిగించారని మా నాన్నకి చెప్పి, క్రిస్మస్ భోజనం కూడా పూర్తి చేసుకుని, డిసెంబరు ముప్పై ఒకటిన వెళ్ళి సార్జెంటు ముందు నిలబడ్డాను. మొత్తం నలభై ఏడు రోజులు. సైనిక కోర్టులో నిలబడతావా, ఈ కాయితం మీద సంతకం పెట్టి పోతావా అన్నారు. చదవకుండా సంతకం పెట్టాను. నన్ను సైన్యం నుంచి పంపేసిన తీరు, అంటే డిశ్చార్జి, గౌరవప్రదం కానిదని అందులో ఉంది. ఇంటికొచ్చి, సైన్యంలో మనుషులు ఎక్కువై పంపించేశారని చెప్పాను. కాయితం ఏదిరా అంటే ఆవిరి స్నానం చేసే సౌనా గది పొయ్యిలో పొరపాటున కాలిపోయిందన్నాను. నిజానికి అది నలభై అయిదేళ్ళు నా మేజోళ్ళ సొరుగులోనే ఉంది.

తర్వాత ముప్పై ఒక్క ఏళ్ళు కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపాను. పెళ్ళి చేసుకున్నాను. మాజీ సైనికుల సంఘంలో చేరమని మా క్లేటన్ ఏటేటా అడిగేవాడు. నాకు సంఘాలూ అవీ పడవురా అని తప్పించుకునేవాణ్ణి. ఆ మాటతో ఊళ్ళో నాకు నిరాడంబరుడని పేరు కూడా వచ్చింది. అబద్ధానికి అంత మంచి పేరు వస్తుందని ముందే తెలిస్తే ఇంకో రెండు ఆడి ఉండేవాణ్ణి.

క్లేటన్ హిల్టునెన్ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. చిన్నప్పట్నుంచీ స్నేహితులం, నలభై ఏళ్ళుగా ఒకే వేట గుడిసెలో భాగస్తులం. సంఘానికి వాడే అధ్యక్షుడు. ముందటేడు ఆగస్టులో, శుక్రవారం చేపల వేపుడు విందుకి సంఘం హాలుకి వెళితే, వాడు చేతిలో జాబితా పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"ఒరేయ్ ఆర్వో, కోర్టు ముందర రాయి పెడుతున్నాం కదా. సైన్యంలో చేసొచ్చిన మనూరోళ్ళందరి పేర్లూ చెక్కిస్తున్నాం. నీ కాయితం ఒక్కటే రాలేదు."

"కాలిపోయింది కదరా."

"నకలు తెప్పించుకో. మాయదారి వంకలు పెట్టకు. నీ పేరు రాసేశాను. చూడు, యుంటునెన్‌కీ లాహ్తికీ మధ్యన, కెంపైనెన్, ఆర్వో. మే నెలాఖరుకి రాయి నిలబెట్టేస్తాం."

నా పేరు అక్కడ పెన్సిలుతో రాసి ఉంది. పైన ఉన్న యుంటునెన్ వియత్నాంలో కాలు పోగొట్టుకున్నాడు. అయినా పళ్ళెం మాత్రం ఖాళీ చేశాను, అలవాటు ప్రకారం.

ఇంటికొచ్చి డార్లీన్‌కి చెప్పాను. నా డిశ్చార్జి సంగతి తెలిసిన మనిషి ప్రపంచంలో మా ఆవిడ ఒక్కతే. పెళ్ళయిన కొత్తలో మేజోళ్ళు సర్దుతుంటే దొరికింది.

"బాగానే ఉంది," అంది. "కాయితమైతే కాలిపోయిందన్నావు. రేపు రాయిని ఏం చేస్తావయ్యా? అదీ పొయ్యిలో పడిందంటావా?"

"వాడే చెక్కిస్తానంటున్నాడు. నేను అడగలేదుగా."

"ఓహో. యుంటునెన్ కాలు కింద నీ పేరు చెక్కుతుంటే నువ్వు పక్కన నిలబడి చప్పట్లు కొడతావన్నమాట. కొట్టు. నేను మాత్రం రాను."

మర్నాడు పొద్దున్నే ఆ కాయితం జేబులో పెట్టుకుని కౌంటీ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ మాజీ సైనికుల పనులు చూసే అమ్మాయి టెస్. నౌకా దళంలో రెండుసార్లు అఫ్ఘనిస్తాన్ వెళ్ళొచ్చింది. కాయితం చదివి నా వంక చూసింది. నవ్వలేదు, తిట్టలేదు. డిశ్చార్జిని మెరుగు చేయమని సైన్యం బోర్డుకి దరఖాస్తు పెట్టుకోవచ్చంది.

"కారణం ఏదైనా బలమైనది ఉందా ఆర్వో గారూ? అప్పుడు మీ నాన్నగారికి ఒంట్లో బాలేదా?"

"ఆ ఏడు ఆయన ఎనిమిది మొనల కొమ్ములున్న జింకని కొట్టాడు. తొంభై ఒకటి దాకా బతికాడు."

"అమ్మగారు?"

"ఆ జింకని ఒక్కతే కోసి కూరొండింది."

"పోనీ, సైన్యంలో మిమ్మల్ని ఎవరైనా వేధించారా?"

"నేను తిరిగెళ్ళిన రోజు మా సార్జెంటు నాకు తన సాండ్‌విచ్‌లో సగం పెట్టాడమ్మా."

టెస్ కలం కింద పెట్టింది. "మీలాంటి కేసు నేను చూళ్ళేదు. అందరూ ఏదో ఒకటి చెబుతారు."

"ఏదైనా ఒకటి కల్పించనా?"

"వద్దు. మీకు కల్పించడం కూడా సరిగ్గా రాదనిపిస్తోంది."

ఆమె చెప్పిన దాని ప్రకారం నాకు కావలసినవి రెండు. ఒకటి, జరిగింది నా మాటల్లో నేను రాసిన ఒక పేజీ. రెండోది, నా గురించి తెలిసినవాళ్ళ ఉత్తరాలు. వాటిలో ఒకటి సైన్యంలో పనిచేసిన మనిషిది అయి తీరాలి, పైగా నేను చేసిన తప్పు పూర్తిగా తెలిసి రాసినదై ఉండాలి. తెలియకుండా నన్ను పొగిడితే దానికి విలువ లేదు. బోర్డు జవాబుకి ఏడాది పైనే పట్టవచ్చు.

ఆ పేజీ ఆ వారంలోనే రాసి పట్టుకెళ్ళాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను, రాస్తూ నేనే రెండుసార్లు నవ్వుకున్నాను. టెస్ చదివి వెనక్కిచ్చేసింది.

"ఇందులో జింక మీద మూడు పేరాలున్నాయి. మీ మీద ఒక్క వాక్యం లేదు. మళ్ళీ రాయండి."

మళ్ళీ రాశాను. మళ్ళీ వెనక్కిచ్చింది. మూడోసారి నేను అడక్కముందే తల అడ్డంగా ఊపింది. అరవై ఆరేళ్ళ బతుకులో నవ్వించకుండా ఒక పేజీ నింపడం నాకు చేతకాదని అప్పుడు తెలిసింది.

ఇక క్లేటన్‌కి చెప్పాలి. సెప్టెంబరులో ఒక శనివారం, వాళ్ళ ఇంటి సౌనాలో ఇద్దరం కూర్చుని ఉండగా చెప్పాను. బట్టలు లేని మనిషికి కోపం తక్కువగా వస్తుందని నా లెక్క. అది తప్పని తేలింది.

వాడు రాళ్ళ మీద నీళ్ళు పోయబోతూ ఆగిపోయాడు. "కాలిపోలేదన్నమాట."

"లేదు."

"ఎందుకు పోయావురా?"

"జింకల వేట మొదలైంది కదా."

నవ్వుతాడనుకున్నాను. నలభై ఏళ్ళుగా నేను ఏం చెప్పినా నవ్వేవాడు.

"డెబ్భై నాలుగులో మా నాన్న పోయాడు," అన్నాడు. "నేను కొరియాలో ఉన్నాను. తంతి నా చేతికొచ్చేసరికి నా కాపలా మొదలై గంటయింది. రాత్రంతా నిలబడ్డాను. కాపలా దిగాకే సెలవడిగాను. ఇంటికొచ్చేసరికి మా నాన్న మీద మట్టి కప్పేశారు. పక్కవాడికి తుపాకీ ఇచ్చి వెళ్ళిపోవచ్చని తెలీకనా? నువ్వేమో జింక కోసం పోయావు. పైగా అది నాకు జోకులా చెబుతున్నావు."

చెంబు నేలకేసి కొట్టి, తువ్వాలు చుట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూస్తే చలిలో ఇంటి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నాకు సిగ్గేసింది. అప్పటిదాకా నా కథలో నేను వెర్రివాణ్ణే తప్ప, ఎవరికీ ద్రోహం చేసినవాణ్ణి కాను. వాడి మొహం చూశాక ఆ వెసులుబాటు కూడా పోయింది.

అయిదు వారాలు నాతో మాట్లాడలేదు. చేపల వేపుడుకి వెళితే నా పళ్ళెంలో చేప వేసి, నా వెనకున్నవాడి వంక చూసేవాడు. ఉత్తరం అడిగే ధైర్యం నాకు లేదు. జాబితాలో నా పేరు చెరిపేసి ఉంటాడనుకున్నాను.

అక్టోబరు పంతొమ్మిదిన వాడే మా ఇంటికొచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నలభై ఏడు రోజులు కదూ?"

"అవును."

"రేపట్నుంచి మొదలు. పొద్దున్న ఏడున్నరకి హాలు దగ్గరుండు. నే చెప్పిన పని చెయ్యాలి. ఎవడైనా ఎందుకు చేస్తున్నావని అడిగితే నిజం చెప్పాలి. నలభై ఏడూ అయ్యాక ఉత్తరం సంగతి చూస్తాను."

వేళ్ళ మీద లెక్కపెట్టాను. డిసెంబరు అయిదుకి అయిపోతుంది. మధ్యలో నవంబరు పదిహేను వస్తుంది. వాడు నా వేళ్ళ వంకే చూస్తున్నాడు.

"వస్తుంది," అన్నాడు. "అందుకే రేపట్నుంచి."

వెనకనుంచి డార్లీన్, "మరుగుదొడ్లు కూడా కడిగించు క్లేటన్. ఇంట్లో ఎప్పుడూ కడగలేదు, నేర్చుకుంటాడు," అంది.

కడిగించాడు. ఎనిమిది గంటలకి జెండా ఎత్తడం, పొద్దుగూకే వేళకి దించడం, నేల తుడవడం, కుర్చీలు వెయ్యడం, తియ్యడం, శుక్రవారాలు అరవై కిలోల బంగాళాదుంపలు చెక్కు తియ్యడం. మొదటి రోజు వాడికి సెల్యూట్ కొట్టాను. "అది పాడుచెయ్యకు," అన్నాడు. మళ్ళీ కొట్టలేదు.

అన్నిటికంటే కష్టమైంది నిజం చెప్పడం. ఊళ్ళో ప్రతివాళ్ళూ అడిగేవాళ్ళే. యుంటునెన్ అడిగాడు, పాదిరిగారు అడిగారు, బడి వంటావిడ అడిగింది. అందరికీ వరసగా చెప్పాను. జింకల వేట కోసం సైన్యం వదిలి పారిపోయాను, గౌరవం లేకుండా పంపించారు, నలభై అయిదేళ్ళు మీ అందరికీ అబద్ధం చెప్పాను అని. పరువంతా పోతుందనుకున్నాను. విన్నవాళ్ళందరూ ఒకటే ప్రశ్న వేశారు.

"ఇంతకీ కొట్టావా?"

లేదంటే అప్పుడు వాళ్ళ మొహాల్లో నిజమైన జాలి కనపడేది. యుంటునెన్ అయితే నా భుజం తట్టాడు. బడి వంటావిడ ఇంటికెళ్ళి, ఒకసారి మంచు తుపానులో తన కూతుర్ని ప్రసవానికి తీసుకెళ్ళే అంబులెన్స్ ముందు నేను నలభై మైళ్ళు లారీతో దారి చేశానని ఉత్తరం రాసి తెచ్చింది. అది చదవలేక చదివాను. జీతం తీసుకుని చేసిన పనిని ఆవిడ పుణ్యం కింద రాసింది. నాకు ఎవరినో మోసం చేస్తున్నట్టే ఉంది.

నవంబరు పధ్నాలుగు మధ్యాహ్నానికి ఊరు ఖాళీ అయింది. క్లేటన్ వేటగాళ్ళు వేసుకునే నారింజ రంగు కోటు వేసుకుని, తుపాకీ పెట్టె కారులో పెట్టుకుని హాలుకొచ్చాడు.

"నేను గుడిసెకి పోతున్నాను. రేపు ఎనిమిదికి జెండా ఎత్తు. హాలు తెరిచి ఉంచు. పొద్దుగూకితే దించు."

"రేపు ఎవరొస్తారురా ఇక్కడికి?"

"ఎవరూ రారు," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారకముందే లేచాను. ఏటా ఆ వేళకి గుడిసెలో కాఫీ తాగుతూ ఉంటాం. హాలుకి వెళ్ళి దీపాలు వేశాను. ఎనిమిదికి జెండా ఎత్తుతుంటే కొండ అవతల మొదటి తుపాకీ మోత వినపడింది. తర్వాత ఇంకోటి. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడికి ఎలా ఉంటుందో నా ముసలి కాళ్ళకీ అలాగే ఉంది. ఇంటికెళ్ళి తుపాకీ తీసుకుని అడవిలోకి పోవడానికి పావుగంట చాలు. ఎవరికీ తెలియదు. సాయంత్రం వచ్చి జెండా దించితే సరిపోతుంది. పదింటిదాకా నాలో నేను ఈ బేరమే ఆడాను.

పదింటికి, హాలు పక్కనున్న అడవి ఆపిల్ చెట్టు కిందికి ఒక మగ జింక వచ్చింది. కొమ్ములకి ఎనిమిది మొనలు. గడ్డకట్టిన ఆపిల్ పళ్ళు తింటూ పది నిమిషాలు నా ఎదురుగా నిలబడింది. నేను గుమ్మంలో చీపురు పట్టుకుని ఉన్నాను. దేవుడికి నా మీద ఇంత వెటకారం ఎందుకో నాకు అర్థం కాలేదు. అది తినడం పూర్తిచేసి, నా వంక ఒకసారి చూసి, హాలు వెనకున్న అడవిలోకి నింపాదిగా నడిచి వెళ్ళిపోయింది. నేను మిగతా గచ్చు తుడిచాను.

మధ్యాహ్నం, వేరే పనేమీ లేక, బల్ల దగ్గర కూర్చుని టెస్ అడిగిన పేజీ రాశాను. నాకు జబ్బు లేదు, ఇంట్లో కష్టం లేదు, నన్నెవరూ బాధపెట్టలేదు అని రాశాను. మూడు రోజులు నేను లేకపోతే ఎవరికేం నష్టమనుకున్నానని రాశాను. నేను లేని నలభై ఏడు రోజులూ నా లారీని వేరే ముగ్గురు వంతులేసుకుని నడిపారు. వాళ్ళలో ఒకడికి అప్పుడే బిడ్డ పుట్టింది, క్రిస్మస్‌కి ఇంటికి పోవాల్సినవాడు నా బదులు ఆగిపోయాడు. వాడి పేరు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆ సంగతి కూడా రాశాను. పేజీలో సగమే నిండింది. మిగతా సగం నింపడానికి నా దగ్గర ఏమీ లేదు. టెస్ దాన్ని చదివి ఫైలులో పెట్టుకుంది, ఈసారి వెనక్కివ్వలేదు.

పదహారో తారీఖు క్లేటన్ తిరిగొచ్చాడు. "దొరికిందా?" అన్నాను.

"దొరకలేదు," అన్నాడు. "దుంపలు చెక్కు తియ్యి."

డిసెంబరు అయిదున, నలభై ఏడో రోజు, జెండా దించి మడిచి వాడి చేతికిచ్చాను. వాడు కోటు జేబులోంచి అంటించిన కవరు తీసి చూపించి, మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. తనే టెస్ దగ్గరికి తీసుకెళ్ళాడు. బోర్డు జవాబొచ్చేదాకా నాకు చూపించొద్దని ఆమెతో ఒట్టు వేయించుకున్నాడట. అందులో ఏం రాశాడో అని చలికాలమంతా బెంగ పెట్టుకున్నాను. డార్లీన్, "ఉన్నది రాసి ఉంటాడు. నీ భయమే అది," అంది.

మే నెలాఖరున కోర్టు ముందు రాయి నిలబెట్టారు. ఊరంతా వచ్చింది, డార్లీన్ కూడా వచ్చింది. గుడ్డ తీయగానే నా కళ్ళు వాటంతటవే అక్కడికి పోయాయి. యుంటునెన్ ఉన్నాడు. లాహ్తి ఉన్నాడు. ఇద్దరి మధ్య ఒక వరుస నున్నగా ఖాళీగా ఉంది. చెక్కేవాడు మర్చిపోయాడా అని పొరుగూరివాడెవడో అడిగితే, మా ఊరివాళ్ళు నలుగురు ఒక్కసారే నన్ను చూపించారు. కొందరి పేరు రాయి మీద ఉంటే గొప్ప. నాకు ఖాళీతోనే అంత పేరొచ్చింది.

మరుసటి మార్చిలో, రోడ్డు పక్క మంచు ఇంకా నడుం ఎత్తున ఉండగా, బోర్డు జవాబొచ్చింది. టెస్ ఆఫీసుకి పిలిచి చదివింది. నా డిశ్చార్జిని ఒక మెట్టు పైకి జరిపారు. పూర్తి గౌరవప్రదం కాదు, దాని కింది రకం. రాయి మీద పేరుకి అది చాలు. "అత్తెసరు మార్కులతో గట్టెక్కానన్నమాట," అన్నాను. టెస్ నవ్వి, ఫైలులోంచి క్లేటన్ ఉత్తరం తీసి నా ముందు పెట్టి, తను కిటికీ వైపు తిరిగి నిలబడింది.

వాడి చేతిరాత బడి రోజుల్నుంచీ మారలేదు.

"బోర్డు వారికి. 1979లో ఆర్వో కెంపైనెన్ చేసింది తప్పు. అప్పట్లో నాకు తెలిసి ఉంటే వాడితో మాట్లాడేవాణ్ణి కాదు. వాడు ఎగ్గొట్టిన నలభై ఏడు రోజులూ నా దగ్గర చేయించాను. నవంబరు పదిహేనున నేను వేటకి పోతున్నానని వాడికి అబద్ధం చెప్పాను. చర్చి వెనకాల కారు ఆపుకుని, పొద్దున్న ఏడు నుంచి జెండా దించేదాకా హాలునే చూస్తూ కూర్చున్నాను. పదింటికి ఒక పెద్ద మగ జింక వాడి ముందు నిలబడింది. వాడు కదల్లేదు. నా తుపాకీ నా పక్కనే ఉంది. నేనూ కదల్లేదు. యాభై ఏళ్ళలో నేను వేట మొదటి రోజు మానుకోవడం అదే మొదలు. వాడు పోడని తెలుసుకోవడానికి అంత చెయ్యాల్సొచ్చింది. వాడు పోలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒక చమత్కారం అనబోయి, మానుకుని, ఆ కాయితం పట్టుకుని లేచాను.

తిన్నగా క్లేటన్ ఇంటికి వెళ్ళాను. వాడు వాకిట్లో మంచు తీస్తున్నాడు. నా చేతిలో కాయితం చూశాడు, నా కళ్ళు చూశాడు, పారతో మళ్ళీ మంచు తియ్యడం మొదలుపెట్టాడు.

"ఆ రోజు గుడిసెకి పోయి, ఏమీ దొరకలేదన్నావు," అన్నాను.

"దొరకలేదుగా మరి," అన్నాడు తలెత్తకుండా. "ఆ రెండో పార తీసుకో."